గంట చదువుకు 29 ఎంబీ: వినే పుస్తకాల వెబ్‌సైటుకు అసలు ఖర్చెంత?

ఓ తెలుగు నవలను పైకి చదివి రికార్డు చేస్తే 8 గంటలు వచ్చిందనుకుందాం. కంప్యూటర్లో మొదట తయారయ్యే వేవ్ ఫైలు, మోనోలో తీసినా సరే, గంటకు సుమారు 317 ఎంబీ. అంటే పుస్తకం మొత్తం రెండున్నర జీబీ. అదే చదువును 64 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే గంటకు 28.8 ఎంబీ, పుస్తకానికి 230 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వచ్చే ఫోనులో మొదటిది ఒక్కసారి కూడా దిగదు, రెండోది ఆరుసార్లు దిగుతుంది. చూపులేనివారి కోసం పుస్తకాలు చదివిపెట్టే చిన్న వలంటీరు బృందం వెబ్‌సైటు పెట్టాలనుకుంటే మొదట వేసుకోవాల్సిన లెక్క ఇదే. లోగో ఏ రంగులో ఉండాలి, హోమ్ పేజీ మీద ఎవరి ఫొటో పెట్టాలి అన్నవి చాలా తర్వాతి సంగతులు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవారు 50 లక్షల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 4 లక్షలు. వారికోసం గొంతు అరువిచ్చేవారికి మన దగ్గర కొదవ లేదు. పరీక్షల ముందు పాఠాలు చదివి వాట్సాప్‌లో పంపే కాలేజీ పిల్లలున్నారు, రిటైరయ్యాక రోజూ ఒక అధ్యాయం చదివి రికార్డు చేసే టీచర్లున్నారు. చిక్కల్లా చదివాక వస్తుంది. జూన్‌లో గ్రూపులో పెట్టిన ఆడియో ఫిబ్రవరిలో ఎవరికీ దొరకదు. ఫోను మారిస్తే పోతుంది. అదే పాఠాన్ని ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి చదువుతారు. వెబ్‌సైటు అవసరం అక్కడ మొదలవుతుంది. అది చేయాల్సింది ఒక్కటే: చదివినది పోకుండా, వెతికితే దొరికేలా ఉంచడం.

దీనికి లక్షలు కావాలన్న భయం అక్కర్లేదు. హక్కుల గడువు తీరిన పుస్తకాలను వలంటీర్లే చదివి ఉచితంగా ఇచ్చే లిబ్రివాక్స్‌ను 2005 ఆగస్టులో మాంట్రియల్‌కు చెందిన హ్యూ మెక్‌గ్వైర్ మొదలుపెట్టారు. తొలి నాలుగైదేళ్లూ దానికి బడ్జెట్ అంటూ లేదు. 2010 ఫిబ్రవరి 24న మొదటిసారి 20,000 డాలర్ల విరాళం అడిగితే మార్చి 13 నాటికి ఆ మొత్తం వచ్చేసింది. అప్పట్లో సర్వర్ల కోసం వాళ్లు వేసుకున్న అంచనా ఏడాదికి 5,000 డాలర్లు. ప్రపంచమంతా వినే సంస్థకే అంత. ఆడియో ఫైళ్ల బరువును ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ మోయడం వల్లే అది సాధ్యమైంది. ఆడియోను ఒక చోట, పేజీలను మరో చోట ఉంచిన ఆ పద్ధతి చిన్న బృందానికి ఇంకా బాగా పనికొస్తుంది.

మన ఉదాహరణ బృందంలో 10 మంది చదువరులు, 100 పుస్తకాలు, 200 మంది శ్రోతలు ఉన్నారనుకుందాం. పుస్తకానికి 8 గంటల చొప్పున 800 గంటల ఆడియో, 64 కేబీపీఎస్‌లో 23 జీబీ. ఒక్కొక్కరు నెలకు 10 గంటలు వింటే బయటికి వెళ్లే డేటా 57.6 జీబీ. ఇప్పుడు గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత సదుపాయాన్ని చూడండి. అక్కడ ఒక సైటుకు పరిమితి 1 జీబీ, నెలకు 100 జీబీ దాకా డేటా వెళ్లనిస్తారు. పేజీలకు, పుస్తకాల జాబితాకు అది చాలా ఎక్కువ. ఆడియోను కూడా అక్కడే పెడితే 34 గంటలకే నిండిపోతుంది, అంటే నాలుగు పుస్తకాలు. కాబట్టి ఆడియో వేరే చోటికి వెళ్లాలి. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 లాంటి నిల్వలో మొదటి 10 జీబీ ఉచితం, ఆపైన జీబీకి నెలకు ఒకటిన్నర సెంట్లు, డౌన్‌లోడ్లకు విడిగా రుసుము లేదు. 23 జీబీలో 10 పోగా 13 జీబీకి నెలకు 20 సెంట్లు కూడా కాదు. మన డబ్బులో 20 రూపాయల లోపు. నూరు పుస్తకాలు నిల్వ చేయడానికి నెలకయ్యేది ఒక మంచి టీ ఖర్చు.

ఇదే ఆడియోను 128 కేబీపీఎస్‌లో పెడితే నిల్వా, డేటా రెండూ రెట్టింపవుతాయి. లిబ్రివాక్స్ ప్రమాణం 128 అయినా, మాట మాత్రమే ఉన్న రికార్డింగుకు మోనోలో 64 సరిపోతుంది. అలాగని మరీ కిందికి దించకూడదు. శ, ష, స ధ్వనుల మధ్య తేడా చాలావరకు ఎక్కువ హెర్ట్జ్‌ల దగ్గరే తెలుస్తుంది. ఫోను సంభాషణల పాత ప్రమాణమైన 8,000 శాంపిళ్ల దగ్గర రికార్డు చేస్తే 4,000 హెర్ట్జ్ పైనున్నదంతా తెగిపోయి వాటిని వేరుచేసి వినడం కష్టమవుతుంది. పోటీ పరీక్షకు చదువుకునే అమ్మాయి ఆ ధ్వనులున్న మాటను ఎలా రాయాలో విని తెలుసుకోవాలి. ఆమెకు కనిపించే పేజీ లేదు. కాబట్టి శాంపిల్ రేటు 22,050కి తగ్గకుండా చూడండి.

అసలు వేవ్ ఫైళ్లను పారేయవద్దు. 800 గంటలకు 254 జీబీ అవుతాయి. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులు రెండు కొని, రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. ఎంత మంచి ఉచిత నిల్వ అయినా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 2017 ఆగస్టులో కొన్నాళ్లపాటు ఇంటర్నెట్ ఆర్కైవ్ మన దేశంలో తెరుచుకోలేదు, కోర్టు ఉత్తర్వుతో దాన్ని ఆపేశారు. 2024 అక్టోబరులో సైబర్ దాడితో అది చాలా రోజులు మూతపడింది. చదివినవారి గొంతు తిరిగిరాదు కాబట్టి ఈ రెండు డిస్కుల ఖర్చు మాత్రం తప్పదు.

రెండు అరలు, ఒక తాళం

సైటు ఎలా ఉండాలో సగం నిర్ణయించేది చట్టం. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి ఎప్పుడో అందరివాళ్లయ్యారు. 1946లో కన్నుమూసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు 2007 జనవరి 1 నుంచి ఎవరైనా చదివి పెట్టవచ్చు. చూపు కోల్పోయాక కూడా సాహిత్యం వదలని ఆయన ‘గణపతి’తో ఇలాంటి సైటు మొదలుపెడితే అంతకంటే సముచితం ఇంకేముంటుంది? 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 2019 నుంచి, 1962లో పోయిన గోపీచంద్ రచనలు 2023 నుంచి అందుబాటులోకి వచ్చాయి. అదే 1976లో పోయిన విశ్వనాథకు 2037 దాకా, 1979లో పోయిన చలానికి 2040 దాకా, 1983లో పోయిన శ్రీశ్రీకి 2044 దాకా ఆగాలి. ఒక జాగ్రత్త: పాత పుస్తకం కొత్త ముద్రణలో ఈ కాలపు సంపాదకుడి ముందుమాట, వివరణలు ఉంటే వాటి హక్కులు వేరు. వాటిని చదవకండి.

మరి చలం కావాలన్న చూపులేని పాఠకుడు 2040 దాకా ఆగాలా? అక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ 52వ సెక్షన్‌లో ఒక తలుపు తెరిచింది. ముద్రిత పుస్తకం చదవలేని వికలాంగులు వాడుకోగల రూపంలోకి ఏ రచననైనా మార్చి వారికి ఇవ్వవచ్చు. షరతులున్నాయి. లాభం ఉండకూడదు, తయారీ ఖర్చు మాత్రమే తీసుకోవచ్చు. ఆ ప్రతులు వారికే చేరాలి, మామూలు వ్యాపారంలోకి జారకుండా సంస్థ తగిన జాగ్రత్త తీసుకోవాలి. సంస్థ అంటే ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ రిజిస్ట్రేషన్ ఉండి వికలాంగుల కోసం పనిచేసేది, లేదా ప్రభుత్వ గుర్తింపున్న విద్యాసంస్థ, గ్రంథాలయం వంటివి అని చట్టమే చెప్పింది. ఇదే ఆశయంతో 2013 జూన్ 27న కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఈ గౌరవం గురించి మనం చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోలేదని నాకనిపిస్తుంది.

దీని అర్థం సైటులో రెండు అరలు ఉండాలి. ఒకటి తాళం లేనిది, ఎవరైనా వినవచ్చు. రెండోది సభ్యులకు మాత్రమే. ఈ రెండో అరలోని ఫైళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో గానీ, లింకు తెలిస్తే ఎవరికైనా తెరుచుకునే చోట గానీ పెట్టకూడదు. సభ్యత్వం ఇచ్చేటప్పుడు వంకర అక్షరాల బొమ్మ చూపించి అందులో ఏముందో టైపు చేయమనే క్యాప్చా పెడితే మీ శ్రోతల్లో చాలామందిని గుమ్మంలోనే ఆపేసినట్టు. దానికి బదులు ఒక ఫోన్ కాల్ చాలు. 200 మందితో మనిషికి 10 నిమిషాలు మాట్లాడితే మొత్తం 33 గంటలు, అదీ ఒక్కసారే. ఆ మాటల్లోనే ఎవరికి ఏ పుస్తకం కావాలో తెలుస్తుంది. వైకల్య గుర్తింపు కార్డు చూసి నిర్ధారించుకోండి, దానిమీది నంబరును, కార్డు ఫొటోను మాత్రం దాచుకోకండి. మీ దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

ఇంకో మాట. 2016 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా కలిసి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం తెచ్చాయి. చదవడం మొదలుపెట్టే ముందు అక్కడ ఆ పుస్తకం ఉందేమో వెతకండి. ఉంటే 8 గంటల గొంతు మిగిలినట్టే.

వేలితో చదివే పేజీ

చూపున్నవారు పేజీని ఒక్క చూపులో తీసుకుంటారు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారు వేలితో కుడికి జరుపుతూ ఒక్కో ముక్కనే వింటారు. పేజీ పైన మెనూలో 30 లింకులుంటే పుస్తకం పేరు చేరేసరికి 30 సార్లు వేలు జరపాలి, ప్రతి పేజీలోనూ. పైన మూడే లింకులు పెట్టండి: పుస్తకాలు, సభ్యత్వం, సంప్రదింపు. పుస్తకం పేరును శీర్షికగా గుర్తిస్తే శీర్షిక నుంచి శీర్షికకు ఒక్క జరుపులో దూకవచ్చు.

ఇప్పుడు అధ్యాయాల జాబితాను దగ్గర నుంచి చూద్దాం. 20 అధ్యాయాల పక్కన 20 సార్లు ‘ఇక్కడ నొక్కండి’ అని ఉందనుకోండి. స్క్రీన్ రీడర్‌లో లింకుల జాబితా తెరిస్తే వినిపించేది ఆ రెండు మాటలే, ఇరవైసార్లు. అదే లింకు మీద ‘3వ అధ్యాయం, 24 నిమిషాలు, 11.5 ఎంబీ’ అని ఉంటే వినగానే ఏది దింపుకోవాలో, ప్యాక్‌లో మిగిలిన డేటాకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. ఇక ప్లేయర్. అందంగా కనిపించే రెడీమేడ్ ప్లేయర్లలో త్రికోణం బొమ్మే తప్ప దానికి పేరుండదు. స్క్రీన్ రీడర్ ‘బటన్, బటన్, బటన్’ అంటుంది. ఏది మొదలుపెడుతుందో, ఏది ఆపుతుందో నొక్కి చూస్తే తప్ప తెలియదు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తే 28.2 శాతం పేజీల్లో ఇలాంటి పేరులేని బటన్లున్నాయి. ఏదో ఒక లోపమున్న పేజీలు 95.9 శాతం. బ్రౌజర్‌తో పాటే వచ్చే సాదా ప్లేయర్‌లో బటన్లకు పేర్లుంటాయి, పైగా అది ఉచితం. దాన్నే వాడండి. కాకపోతే ప్రీలోడ్ అనే అమరికను ఆపేయండి. లేకుంటే పేజీ తెరవగానే 20 అధ్యాయాల ఆడియోనూ బ్రౌజర్ అడక్కుండానే లాగడం మొదలుపెట్టవచ్చు. పేజీ తెరవగానే ఆడియో దానంతటదే మోగడమైతే అసలు వద్దు. పుస్తకం గొంతు, స్క్రీన్ రీడర్ గొంతు ఒకదాని మీద ఒకటి పడి ఆపే బటన్ ఎక్కడుందో కూడా వినబడదు. అందుకే 3 సెకన్లు దాటి మోగే ఏ శబ్దానికైనా ఆపే దారి ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి.

తెలుగు సైటుకు అదనంగా మూడు జాగ్రత్తలున్నాయి. పేజీ కోడ్ మొదట్లో భాష తెలుగు అని రాయాలి. ఇంగ్లిష్ అని వదిలేస్తే కొన్ని ఫోన్లలో ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాల దగ్గరికొచ్చి ఊరకే దాటేస్తుంది. రెండోది, డీటీపీలో అను ఫాంట్లతో చేసిన పుస్తకాల జాబితాను అలాగే తెచ్చి అతికించకూడదు. కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని శబ్దాలుగా చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. మూడోది ఫైలు పేర్లు. వెబ్‌లో వాడే యూనికోడ్ రూపంలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. ‘పుస్తకం’ అన్న మాటలో ఒత్తులూ గుణింతాలూ విడదీస్తే 7 గుర్తులు, 21 బైట్లు. దాన్ని లింకులో పెట్టి కాపీ చేస్తే శాతం గుర్తులతో కలిపి 63 అక్షరాల తోక అవుతుంది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే చూసేవారికీ, వినేవారికీ అది భరించరానిదే. ఫైలుకు పుస్తకం నంబరు, అధ్యాయం నంబరు చాలు. అందమైన తెలుగు పేరు పేజీ మీద ఉంటుంది.

చూపు కొంత మిగిలి ఉన్నవారు కూడా వస్తారు. వారికోసం అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్లటి మీద లేత బూడిద రంగు దీనికి ఆగదు. నల్లటి అక్షరాలు పెడితే ఈ లెక్కే అక్కర్లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూపున్నవారు చెప్పలేరు. చూపులేని ఇద్దరు ముగ్గురికి డబ్బిచ్చి పరీక్ష చేయించండి. డబ్బిచ్చి అన్న మాట గట్టిగానే అంటున్నాను. సైటు కట్టే కుర్రాడికి ఫీజు ఇచ్చి, తప్పులు పట్టే నిపుణుణ్ని మాత్రం సేవగా చేయమనడం న్యాయం కాదు. పరీక్షకు పరికరాల ఖర్చేమీ లేదు. కంప్యూటర్లో 2006 నుంచీ తయారవుతున్న ఎన్‌వీడీఏ ఉచితం, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది.

ఖరీదైనది గంట

ఒక గంట ఆడియో పూర్తిగా సిద్ధం కావాలంటే చదవడానికి, తడబడ్డ చోట మళ్లీ చదవడానికి గంటన్నర, కత్తిరింపులకు గంటన్నర, ఇంకొకరు పుస్తకం ముందు పెట్టుకుని వినడానికి ఒక గంట. మొత్తం 4 గంటలని తక్కువలో తక్కువ వేసుకున్నా 800 గంటల ఆడియోకు 3,200 గంటల శ్రమ. 10 మంది వారానికి మూడేసి గంటలిస్తే 107 వారాలు, అంటే రెండేళ్లు. నెలకు 20 రూపాయల నిల్వ ఒక పక్క, 3,200 గంటలు ఇంకో పక్క. సైటు గురించి తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ రెండో అంకెతోనే కొలవాలి.

ఉదాహరణకు 100 పుస్తకాలకు 20 అధ్యాయాల చొప్పున 2,000 ఫైళ్లు. ఒక్కో ఫైలును చేత్తో ఎక్కించి, పేరు పెట్టి, పేజీలో లింకు కలపడానికి 10 నిమిషాలు పడితే 333 గంటలు. అంటే బృందం మొత్తానికి 11 వారాలు చదవడం ఆగిపోయినట్టే. పుస్తకం పేరు, రచయిత, చదివినవారు, అధ్యాయం, నిడివి, సైజు అని ఒక్క స్ప్రెడ్‌షీట్ నింపితే పేజీలు వాటంతటవే తయారయ్యే ఏర్పాటు ఒకసారి చేయించుకోండి. సైటు కట్టేవారిని అడగాల్సిన మొదటి కోరిక ఇదే. కదిలే బొమ్మలు కాదు. శబ్దం స్థాయి విషయంలోనూ అంతే. పది మంది పది ఇళ్లలో చదివినప్పుడు ఒకరి గొంతు పిడుగు, ఒకరిది గుసగుస. ఉచితంగా దొరికే ఆడాసిటీలో మోనోకు మైనస్ 19 లఫ్స్ (శబ్దం స్థాయి కొలత) అని అమర్చితే అందరిదీ ఒక స్థాయికి వస్తుంది, ఫైలుకు నిమిషం కూడా పట్టదు.

విరాళాల పేజీ దగ్గర చాలామంది పొరబడతారు. క్యూఆర్ కోడ్ బొమ్మ ఒక్కటే పెడితే చూపులేని దాత దాన్ని వాడలేరు, కింద యూపీఐ ఐడీని అక్షరాల్లో రాయండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు తప్పకుండా ఇస్తామంటారు. అక్కడ ఆగాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా కావాలి. రిజిస్ట్రేషన్ రావాలంటే మామూలుగా సంస్థకు 3 ఏళ్ల వయసు, ఆ 3 ఏళ్లలో 15 లక్షల రూపాయల ఖర్చు ఉండాలి. ఏడాదికి పదివేలతో నడిచే బృందానికి అది అందే మెట్టు కాదు. కాబట్టి భారత పౌరుల నుంచే విరాళాలు తీసుకుంటామని పేజీ మీదే స్పష్టంగా రాసేయండి. విదేశీ పౌరులైన తెలుగువారు డబ్బుకు బదులు గొంతు ఇవ్వవచ్చు. డాలస్‌లో కూర్చుని ‘మాలపల్లి’ చదవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

చివరగా డొమైన్ పేరు. ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ. మొదటి ఏడాది 99 రూపాయలకే అంటూ కనిపించే ప్రకటనల్లో చూడాల్సింది రెండో ఏడాది ధర. దాన్ని ఉత్సాహవంతుడైన ఓ వలంటీరు తన సొంత ఈమెయిల్‌తో కొంటాడు, రెండేళ్లకు ఉద్యోగం మారతాడు, రెన్యువల్ మెయిళ్లు చూడడు. డాట్ ఆర్గ్ లాంటి పేరు గడువు దాటి రద్దయ్యాక 30 రోజులు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది, ఆ తర్వాత 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు శ్రోతలు ఫోన్లలో దాచుకున్న ప్రతి లింకూ ఇంకెవరి పేజీకో వెళుతుంది. డొమైన్‌ను సంస్థ పేరు మీద, సంస్థ ఈమెయిల్‌తోనే కొనండి. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. డొమైన్‌ను ఒకేసారి 10 ఏళ్ల దాకా కట్టుకోవచ్చు. చేతిలో డబ్బున్న ఏడాది కనీసం ఐదేళ్లకు కట్టేసి, గడువు తేదీని సమావేశాల మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టండి.